గమ్రా కుక్క కాదు

జూలైలో, ఎడారి అంచున ఉన్న ఐన్ తర్ఫాలో మనిషి హాయిగా నడవగలిగే వేళ ఒక్కటే. తెల్లవారుజాము నమాజు ముగిశాక, సూర్యుడు ఇసుక దిబ్బల మీదికి ఎక్కేలోపు. ఆ తర్వాత ఊరు తలుపులు మూసుకుంటుంది. పొద్దు వాలేదాకా మేకలు కూడా గోడ నీడ వదలవు.

ఆ కాస్త వేళనీ తయ్యెబ్ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. మసీదు మెట్ల మీద చెప్పులు వేసుకుంటూనే పళ్ళ సందునుంచి సన్నగా ఈల వేసేవాడు. వీధి చివర గోడ వారనుంచి ఇసుకరంగు ఆకారం ఒకటి లేచి, ముందుకాళ్ళు చాపి ఒళ్ళు విరుచుకుని, నింపాదిగా వచ్చి అతని మోకాలికి మూతి ఆనించేది. అది గమ్రా. పొడుగు కాళ్ళు, వెన్నుకి అంటుకున్న కడుపు, కాటుక పెట్టినట్టుండే కళ్ళు. స్లూగీ జాతి, ఎడారిలో వేటకి పెంచేది. మెడలో పట్టీ లేదు, తాడు లేదు. తయ్యెబ్ నడిస్తే నడిచేది, ఆగితే ఆగేది.

ఇద్దరూ ఖర్జూర తోటల మధ్యనుంచి వెళ్ళేవాళ్ళు. రాత్రి ఎవరి నీటి వంతు నడిచిందో ఆ తోట దగ్గర తడిమట్టి వాసన ఉండేది. కాలవగట్టున కప్పలు, పైన గువ్వలు. చెట్టెక్కి నీరా తీసేవాడు పైనుంచే పలకరించి కుండ దించితే, తయ్యెబ్ దోసిలి పట్టి ఒక్క గుక్క తాగి, తడిచేతిని గమ్రాకి నాకించేవాడు. షుగరున్న మనిషి ఆ గుక్క కూడా తాగకూడదు. తోటలు దాటాక ఉప్పునీటి మురుగు కాలవ, దాని ఒడ్డున రెల్లు, ఆపైన తర్ఫా పొదలు, ఇక అంతా ఇసుకే. రాత్రల్లా ఇసుక మీద తిరిగిన వాటి జాడలు పొద్దున్నే తాజాగా ఉండేవి. పేడపురుగు కుట్టుపని, ఎడారి ఎలుక గంతులు, కొమ్ముల పాము పక్కకి ఈడ్చుకుపోయిన గీతలు. ఇసుక పైపొర చల్లగా, మెత్తగా ఉండేది. తయ్యెబ్ చెప్పులు చేత్తో పట్టుకునేవాడు.

గమ్రా వాసన చూసి వేటాడే రకం కాదు. దిబ్బ మీదికెక్కి నిలబడి చూసేది. దూరంగా ఏదైనా కదిలిందా, ఇక అది అక్కడ ఉండేది కాదు. ఆ పరుగు చూడటానికే తయ్యెబ్ రోజూ అంత దూరం వెళ్ళేవాడు. కుందేలు దొరికిందా లేదా అన్నది అతనికి అక్కర్లేదు. ముప్పయ్యేళ్ళు గెబిలీకీ గాబెస్‌కీ మధ్య షేర్ టాక్సీ తోలిన మనిషి అతను. ఎడారిని అద్దంలోనుంచే చూశాడు, అదీ అద్దం మీద చచ్చిన పురుగుల మధ్యనుంచి. కూర్చుని సంపాదించాడు, కూర్చుని తిన్నాడు, కూర్చునే షుగరు తెచ్చుకున్నాడు. నడవకపోతే కాలు తీసేయాల్సొస్తుందని గెబిలీ డాక్టరు అన్నప్పుడు అతనికి కోపం వచ్చింది. పనీపాటా లేకుండా ఒక్కడూ తోటల్లో తిరిగితే ఊరు ఏమనుకుంటుంది? ఆ నెలలోనే ఫవార్‌లో ఉన్న మేనల్లుడు గంపలో పెట్టి కుక్కపిల్లని తెచ్చిచ్చాడు. దానితో అతనికి తిరగడానికి వంక దొరికింది. అరవయ్యో ఏట తన ఊరు ఎలా ఉంటుందో చూడటం మొదలుపెట్టాడు.

భార్య హల్లూమా మొదట్లో గుమ్మం దాటనివ్వలేదు.

"కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారు," అంది.

"కుక్కని ఎవరు తెచ్చారు?"

"మరి ఈ గంపలోది ఏమిటి, ఒంటె పిల్లా?"

"స్లూగీ. నీ పుట్టింట్లో స్లూగీ లేదంటే నా తప్పా?"

మా వైపు ఇది పాత న్యాయం. కుక్క గుడారం బయట, స్లూగీ గుడారం లోపల. కుక్కకి ఎంగిలి, స్లూగీకి పాలూ ఖర్జూరం. కుక్కని కొడతారు, స్లూగీని కొట్టినవాడిని కొడతారు. చలికాలంలో దానికి ఉన్ని కప్పుతారు, దిష్టి తగలకుండా ఆ ఉన్నికి తాయెత్తు కుడతారు. తాడు మాత్రం కట్టరు. తాడు కడితే దాని పరుగు చచ్చిపోతుందని తయ్యెబ్ తాత అనేవాడు. ఆ తాత పేరు చెప్పి ఇంట్లో ఏ వాదనైనా గెలవచ్చు. గమ్రా లోపలికి వచ్చింది. రెండో చలికాలానికి హల్లూమాయే దాని మీద తన పాత కంబళి కప్పింది. దేవదూతల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఊరి చెత్తకుప్పని మురుగు కాలవ అవతలికి మార్చడంతో గొడవ మొదలైంది. చెత్త వెళ్ళిన చోటికి వీధి కుక్కలూ వెళ్ళాయి. అక్కడే ఈని, అక్కడే పెరిగి గుంపులు కట్టాయి. తెల్లవారుజామున అవి ఆకలి మీద ఉండేవి. ఒకరోజు గమ్రాని చుట్టుముట్టి తొడ చీల్చాయి. తయ్యెబ్ కర్ర తిప్పుతూ, తన వయసుకి తగని బూతులు తిడుతూ దాన్ని బయటికి లాగాడు. గాయం మానిన తర్వాత కాలవ దాకా వెళ్ళి వెనక్కి రావడం మొదలుపెట్టారు. తర్వాత తోటల దాకానే. ఆ వేసవి వచ్చేసరికి గుంపులు తోటల్లోకీ దిగాయి. తయ్యెబ్ పెరట్లోనే గోడకీ గోడకీ మధ్య, కోళ్ళ మధ్య తిరుగుతుంటే గమ్రా గడప మీద పడుకుని చూసేది.

"కోళ్ళకి నేర్పుతున్నావా నడక?" అంది హల్లూమా.

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. మర్నాడే మునిసిపాలిటీకి వెళ్ళి, వీధి కుక్కల్ని కాల్పించమని అడిగాడు. వాళ్ళు ఊరందరి మాటా కావాలన్నారు. జీవితంలో ఏనాడూ దేనికీ ముందు నిలబడని మనిషి, టాక్సీ స్టాండులో కూడా గొడవలొస్తే అద్దం ఎత్తేసుకునే మనిషి, ఆ వారమంతా ఇంటింటికీ తిరిగాడు. పొద్దున్నే పనికి పోయే ఆడవాళ్ళ భయం గురించి చెప్పాడు. బడికి పోయే పిల్లల గురించి చెప్పాడు. తన నడక గురించి చెప్పలేదు. బాబాయి కొడుకు బెల్గాసెమ్ గొర్రెపిల్లలు రెండు పోగొట్టుకుని ఉన్నాడు కాబట్టి వెంట తిరిగాడు.

కాఫీ కొట్టులో అందరూ సరేనన్నారు. మిస్బాహ్ ఒక్కడే అడ్డం తిరిగాడు. మిస్బాహ్ ముసలి గొర్రెల కాపరి. అతనికో పసుపుపచ్చ కాపలా కుక్క ఉంది. దానికి పేరు కూడా లేదు.

"కట్టేసుకోమంటారు సరే. కట్టేస్తే నా మందని ఎవరు కాస్తారు? నువ్వొచ్చి మొరుగుతావా?" అన్నాడు.

జనం నవ్వారు. తయ్యెబ్‌కి ఒళ్ళు మండింది.

"కొన్నాళ్ళే కదా అన్నా. కట్టేసుకోవడం చేతకానివాడు తర్వాత ఏడవకూడదు, అంతే."

"మరి మీ రాణీగారినో?"

"అది కుక్క కాదని నీకు తెలీదా?"

"నాకు తెలుసయ్యా. తుపాకీకి తెలుసా?"

మళ్ళీ నవ్వారు. తయ్యెబ్ కూడా నవ్వాడు, ఎందుకంటే నవ్వు అతని మీదికే తిరిగింది. ఈ గడ్డ మీద స్లూగీని కాల్చే చెయ్యి ఇంకా పుట్టలేదని చెప్పి కాఫీల డబ్బులు తనే ఇచ్చాడు.

ఆగస్టులో, వడగాలి ఆగకుండా కొడుతున్న రోజుల్లో, మునిసిపాలిటీ బండి మైకు పెట్టుకుని వీధులు తిరిగింది. కుక్కలున్నవాళ్ళు కట్టేసుకోవాలి, మెడలో పట్టీ లేకుండా బయట కనిపించినదాన్ని కాల్చేస్తారు. కాల్చేవాళ్ళు సముద్రం వైపునుంచి వచ్చిన వేటగాళ్ళు. మొదటి పొద్దునే చెత్తకుప్ప వైపునుంచి చాలాసేపు తుపాకీ మోతలు వినిపించాయి. తయ్యెబ్ ఆ రోజు ఇల్లు కదల్లేదు. మధ్యాహ్నానికి తెలిసింది, మిస్బాహ్ పచ్చకుక్కని దొడ్డి పక్కనే కాల్చేశారని. అది తాడు కొరుక్కుని మంద వెనకాల పోయిందట.

సాయంత్రం కాఫీ కొట్టు ముందు మిస్బాహ్ ఎదురయ్యాడు. తయ్యెబ్ ఏదో ఒకటి అనాలి కాబట్టి, "నీకు ముందే చెప్పాను కదన్నా," అన్నాడు. ముసలాయన తల ఊపి వెళ్ళిపోయాడు.

మర్నాడు తెల్లవారుజామున తయ్యెబ్ మసీదునుంచి తిరిగొచ్చి చూస్తే గమ్రా గుమ్మంలో లేచి నిలబడి ఉంది. ఊరు నిశ్శబ్దంగా ఉంది. ఒక్క మొరుగుడు లేదు. ఎన్నో నెలలకి దారి తెరుచుకుంది. ఆ దారి తనే తెరిచాడు. వెళ్ళకుండా ఎలా ఉంటాడు?

హల్లూమా అడ్డంగా నిలబడింది. "రేపెళ్ళు. వాళ్ళింకా ఇక్కడే ఉన్నారు."

"వాళ్ళు చెత్తకుప్ప దగ్గర. నేను తూర్పు దిబ్బల వైపు పోతాను."

"అయితే దీన్ని కట్టు." తన పాత ఎర్ర ముసుగు అంచు పర్రున చింపి అతని చేతిలో పెట్టింది. "పట్టీ లేదుగా, కనీసం ఇదైనా కనిపిస్తుంది."

తయ్యెబ్ వాదించలేదు. గుడ్డని గమ్రా మెడకి కట్టాడు. గమ్రా తల విదిలించింది, కాలితో గోక్కుంది, ఆ తర్వాత ఊరుకుంది. తోటల్లో నీరా తీసేవాడు చెట్టు మీదనుంచి చూసి పగలబడి నవ్వాడు.

"ఏంటి తయ్యెబ్ మామా, పెళ్ళికూతురిని ఎక్కడికి తీసుకుపోతున్నావు? సంతలో గాడిదకి కట్టినట్టు కట్టావే!"

తయ్యెబ్ కాలవ దాటేదాకా ఓపిక పట్టాడు. అక్కడ వంగి, ముడి విప్పి, గుడ్డని జేబులో కుక్కుకున్నాడు. చుట్టూ ఎవరూ లేరు. గాలి ఇంకా వేడెక్కలేదు. ఇసుక మీద రాత్రి జాడలన్నీ తాజాగా ఉన్నాయి, కుక్కల జాడ ఒక్కటీ లేదు. గమ్రా ముందు నెమ్మదిగా, తర్వాత కాస్త వేగంగా, అతని చుట్టూ పెద్ద వృత్తం తీసి పరిగెత్తింది. నెలల తరబడి గడప మీద పడుకున్న కాళ్ళు అవి. ఆగి అతన్ని చూసేది, మళ్ళీ పరిగెత్తేది. తయ్యెబ్ చెప్పులు చేత్తో పట్టుకుని, ఒంటరిగా ఉన్నవాడు నవ్వే నవ్వు నవ్వాడు. అంతకన్నా మంచి పొద్దు అతని జన్మలో లేదని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడే.

అప్పుడు తర్ఫా పొదలోనుంచి కుందేలు లేచింది.

అది దిబ్బ ఎక్కి అటు దిగింది. గమ్రా దాని వెనకాలే ఎక్కి, అటు దిగింది. తయ్యెబ్ ఈల వేశాడు. ఈల వేస్తుండగానే మోత వినిపించింది, ఒక్కటే.

అతను దిబ్బ ఎక్కేసరికి అవతల రోడ్డు మీద మునిసిపాలిటీ బండి ఆగి ఉంది. వెనక టార్పాలిన్ కింద నిన్నటివీ ఇవాళ్టివీ ఉన్నాయి. తుపాకీ పట్టుకున్న కుర్రవాడు గమ్రా పక్కన నిలబడి ఉన్నాడు. తీర ప్రాంతం యాస, శుభ్రమైన బూట్లు. కాస్త దూరంలో గొర్రెల్ని ముందు పెట్టుకుని మిస్బాహ్ కర్ర మీద ఆనుకుని చూస్తున్నాడు. కుక్క లేక మందని దూరం తీసుకుపోలేక, రోడ్డు పక్కనే మేపుతున్నాడు.

"సలాం హాజీ," అన్నాడు కుర్రవాడు. పెద్దవాళ్ళందరినీ అలాగే పిలుస్తారు. "మంచి జాతిదిలా ఉంది. మెడలో ఏమీ లేదు మరి. మీదా?"

తయ్యెబ్ గమ్రాని చూశాడు. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. తర్వాత మిస్బాహ్‌ని చూశాడు. ముసలాయన కళ్ళు తిప్పుకోలేదు. నిన్న సాయంత్రం కాఫీ కొట్టు ముందు తను అన్న మాటకీ ఇవాళ్టికీ మధ్య ఒక్క రాత్రే గడిచింది. నాది అంటే ఊరంతా ఆ మాటనే తిప్పి తన మొహాన కొడుతుంది.

"కాదు," అన్నాడు తయ్యెబ్.

"ఎవరిదో తెలుసా? కబురు చేద్దామని."

"తెలీదు బాబూ."

కుర్రవాడు మిస్బాహ్ వైపు తిరిగాడు. "మీకు తెలుసా పెద్దాయనా?"

మిస్బాహ్ కాసేపు ఆలోచించినట్టు చేశాడు.

"ఈ ఊళ్ళోది అయ్యుండదు నాయనా," అన్నాడు. "ఈ ఊళ్ళో స్లూగీ ఉన్నవాళ్ళు గొప్పోళ్ళు. వాళ్ళు కట్టేసుకుంటారు. ఎటునుంచో తప్పిపోయి వచ్చుంటుంది. ఎక్కించుకోండి."

డ్రైవరు దిగొచ్చి ముందుకాళ్ళు పట్టుకున్నాడు, కుర్రవాడు వెనక కాళ్ళు. పొడుగు కాళ్ళు కావడంతో టార్పాలిన్ సరిగా మూసుకోలేదు. డ్రైవరు మోకాలితో నెట్టి తాడు బిగించాడు. బండి వెళ్ళిపోయింది. మిస్బాహ్ గొర్రెల్ని అదిలించుకుంటూ అటు నడిచాడు. అప్పటికి సూర్యుడు దిబ్బ మీదికి వచ్చేశాడు. తయ్యెబ్ చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి. కాళ్ళు కాలుతున్నాయని తోటల దగ్గరికి వచ్చాక గాని తెలియలేదు.

హల్లూమా రొట్టె పొయ్యి ముందు కూర్చుని ఉంది. వెనక గోళ్ళ చప్పుడు వినిపించకపోవడంతో తల ఎత్తింది.

"ఏది?"

తయ్యెబ్ చెప్పులు గోడవార పెట్టాడు.

"గుడ్డ కట్టావుగా, గుడ్డ ఉండగా కాల్చారా?"

తయ్యెబ్ జేబులోంచి గుడ్డ తీసి అరుగు మీద పెట్టాడు. ఆమె చాలాసేపు దానివైపే చూసింది. పొయ్యిలో రొట్టె మాడింది. తియ్యలేదు.

"ఎక్కడుంది? తీసుకురాలేదేం? తోటలో పూడుద్దాం."

"బండిలో ఎక్కించుకున్నారు."

"ఎక్కించుకుంటే? నాది అని చెప్పలేదా?"

తయ్యెబ్ గోడవైపు తిరిగి కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"ఇన్నేళ్ళూ కుక్క కాదు, కుక్క కాదని నా చెవులు ఊదరగొట్టావు," అంది హల్లూమా. గొంతు పెంచలేదు. "నేనూ నమ్మాను. నమ్మి నా కంబళి కప్పాను. మరి కుక్కల బండి ఎలా ఎక్కనిచ్చావయ్యా?"

అతను చెత్తకుప్ప దాకా వెళ్ళి వెతుకుతాడని ఆమె మధ్యాహ్నం వరకూ ఎదురుచూసింది. వెళితే ఎవరైనా చూస్తారు. వెళ్ళలేదు. పొద్దు వాలాక ఆమె తనే గునపం తీసుకుని బయల్దేరింది. అప్పటికే యంత్రంతో గొయ్యి పూడ్చేశారట. గునపం గోడకి ఆనించి, రాత్రి వంట మామూలుగానే చేసింది. అప్పటినుంచి అతనితో అవసరమైన మాటలు మాత్రమే మాట్లాడుతుంది. ఆ ఇంట్లో అవసరమైన మాటలు చాలా తక్కువ.

ఊరికి మాత్రం మేలు జరిగింది, అబద్ధం చెప్పకూడదు. తెల్లవారుజామున తోటలకి పోయే ఆడవాళ్ళు కర్రలు మానేశారు. బీపీ ఉందని డాక్టరు బెల్గాసెమ్‌ని కూడా నడవమంటే, ఇప్పుడు అతనే కాలవ దాటి దిబ్బల దాకా వెళ్ళొస్తున్నాడు. అక్కడ ఎంత చల్లగా ఉంటుందో వచ్చి తయ్యెబ్‌కే చెబుతాడు. తయ్యెబ్ వింటాడు. అతని ఎడమ కాలి వేలు నల్లబడింది. డాక్టరు చెప్పిన సంగతి అతనికి గుర్తుంది, కానీ పెరట్లో కూడా నడవడు. కాఫీ కొట్టులో మాత్రం అతనికి మునుపు లేని మర్యాద వచ్చింది. వెళితే కుర్చీ ఖాళీ చేస్తారు.

సెప్టెంబరులో ఖర్జూరాలు పండు రంగు తిరుగుతున్నప్పుడు, ఒక సాయంత్రం బెల్గాసెమ్ అందరి ముందూ అడిగాడు.

"అన్నా, గమ్రా కనిపించడం లేదేం? ఒంట్లో బాలేదా?"

పక్క బల్ల దగ్గర మిస్బాహ్ నేల మీద ఇసుకలో గళ్ళు గీసి, ఖర్జూరం గింజలతో ఆట ఆడుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఫవార్‌లో మేనల్లుడి దగ్గరికి పంపించాను," అన్నాడు తయ్యెబ్. "ఈ ఎండలకి ఇక్కడ తట్టుకోలేకపోతోంది."

"మంచి పని చేశావు. అక్కడ దానికి తోడు కూడా ఉంటుంది."

"ఉంటుంది."

మిస్బాహ్ ఒక గింజని ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరిపాడు.

"తోడు ఉంటే ఈనుతుంది," అన్నాడు. "ఈనితే నాకో పిల్లని ఇప్పించు తయ్యెబ్. నా మంద దగ్గర ఎవరూ లేరు."

ఎవరో అన్నారు, స్లూగీ మందని కాస్తుందా అని. మిస్బాహ్ ఆ మాట పట్టించుకోలేదు. తయ్యెబ్ వైపు చూస్తూ జవాబు కోసం ఆగాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ ఆగారు.

"ఇస్తానన్నా," అన్నాడు తయ్యెబ్. "వసంతానికి ఈనుతుందేమో."

"మాటేనా?"

"మాటే."

"అయితే రెండోది నాకు," అన్నాడు బెల్గాసెమ్. "ఆడపిల్ల అయితే మరీ మంచిది."

తయ్యెబ్ సరేనన్నాడు.